తోలియా తోలే బండి

మొదటి రోజు పెరట్లో గంటసేపు నిలబడ్డాను
ఆకు రాలిన ద్రాక్షపందిరి కింద.
చెప్పుల్లోంచి చలి పైకి పాకుతోంది.
"కానీ నాయనా, కానీ" అన్నాను.
తోలియా నా మొహంలోకి చూసింది.
గేటు వైపు చూసింది.
మళ్లీ నా మొహంలోకి.
కొత్త చుట్టం
దొడ్డి ఎటని అడగలేక నీళ్లు నమిలినట్టు.

చెవికి పసుపు బిళ్ల.
మునిసిపాలిటీ వాళ్లు సూది పొడిచి, కోత కోసి, నంబరిచ్చి
తిరిగి వీధికే అప్పజెప్పిన కుక్క.
తిబిలిసీలో తొమ్మిదేళ్లు
తాళం లేని బతుకు బతికింది.
దానికోసం కొన్న దుప్పటిని వాసన చూసి
మర్యాదగా పక్కన గచ్చు మీద పడుకుంది.

పైవాటా జుజునా అంది:
"పెరట్లోనే కట్టేయ్ ఎతేరీ,
కడుపు ఉబ్బితే అదే దారికొస్తుంది."
కట్టేశాను.
పద్నాలుగు గంటలు.
వాన పడింది, వెలిసింది.
అది మూలగలేదు, మొరగలేదు.
చివరికి ఏడుపొచ్చింది నాకు.
ఇంటి చెప్పులతోనే గేటు తీశాను.

అప్పుడు చూశాను దాని నడక.
తప్పిపోయినవాళ్ల నడక కాదు,
డ్యూటీ ఎక్కినవాళ్ల నడక.

రొట్టెల బట్టీ ముందు ఆగింది.
గోచా మాడిన రొట్టె కొస విసిరి "రా రా బొగ్గూ" అన్నాడు.
మందులషాపు పిల్లకి అది జనరల్ గారు.
సబ్‌వే మెట్ల మీద పొద్దుతిరుగుడు గింజలమ్మే ఆవిడ
పేరేమీ పెట్టలేదు,
"వచ్చావా" అంది, అంతే.
నేను పట్టీ పట్టుకుని వెనక నిలబడ్డాను,
టికెట్ కొనకుండా ఎక్కినదానిలా.

ఒకచోట ఎవరూ లేరు.
మూసేసిన చెప్పుల రిపేరు కొట్టు,
షట్టరు మీద తుప్పు.
తోలియా అక్కడ కూర్చుంది.
ఎందుకని నేను అడగలేదు.

ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో ట్రామ్ నడిపాను నేను.
పట్టాల మీద తారు పోసిన ఏడు
టోపీ తీసి బీరువాలో పెట్టాను.
రూటంటే ఏమిటో ఒకరు నాకు చెప్పాలా?
స్టాపు ఖాళీగా ఉన్నా ఆగాలి.
తలుపు తెరవాలి,
ఎవరూ ఎక్కకపోయినా మూయాలి,
అప్పుడు కదలాలి.

పార్కు గోడ మలుపులో మూడో చినారు చెట్టు.
అక్కడ, ఎనిమిది స్టాపుల తర్వాత,
కాలెత్తింది.
ఎంతసేపో!
దారిన పోయే విద్యార్థులు నవ్వారు.
నేను చెట్టుకి ఆనుకుని
నా ఎడమ మోకాలు నొక్కుకుంటూ నిలబడ్డాను.

అప్పటినుంచి పొద్దున ఆరూ పదికి, రాత్రి తొమ్మిదింటికి.
జేబులో ఎండు చేప ముక్కలు.
ఎనభయ్యో పడిలో ఉన్న ఒతార్ గారు
ఇప్పుడు మమ్మల్ని చూసి గడియారం సరిచేసుకుంటాడు.
నాతో ఊళ్లో ఇంతమంది మాట్లాడి
పద్దెనిమిదేళ్లయింది.
మోకాలు మాత్రం ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.
ఎత్తు రాళ్లబాట దగ్గర తోలియా వెనక్కి తిరిగి ఆగుతుంది.
పట్టీ బిగుసుకోవడం మానేసింది,
ఏ రోజునుంచో చెప్పలేను.

నిన్న మంచు కురిసింది.
గేటు గడియ తీయబోతుంటే
పట్టీ కదల్లేదు.
వెనక్కి చూస్తే,
గ్యాసు పైపు పక్కన,
జుజునా ఊరగాయ జాడీలు పేర్చిన మూలనే,
తోలియా కాలెత్తి ఉంది.
తెల్లటి మంచులో పచ్చటి చిన్న గుంట,
దానిమీంచి ఆవిరి.

పైనుంచి జుజునా కేకలు.
నేను పలకలేదు.
కుడికాలితో నేలని రెండుసార్లు తొక్కాను,
గంట పెడలు ఉండే చోట.

కొత్త స్టాపు.

అయిందేమో, ఇంక లోపలికి పోదామనుకున్నాను.
తోలియా గేటు వైపు చూసింది.
మిగతా ఎనిమిదీ అలాగే ఉన్నాయి మరి.